ఐస్‌లాండ్: నేల, జనం, పాలన – నాలుగు లక్షల మంది ఒక దేశాన్ని ఎలా నడుపుతున్నారు?

తుంగభద్ర:

సభ్యులందరికీ నమస్కారం. ఐస్‌లాండ్ గురించి తెలుగులో వెతికితే ఆకాశంలో ఆకుపచ్చ కాంతులు, నీలిరంగు వేడినీటి మడుగులు, విమానం టికెట్ల ధరలు తప్ప మరేమీ దొరకడం లేదు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది వేరు. ఆ దేశ వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణ కంటే కొంచెం తక్కువ. జనాభా మాత్రం 4 లక్షల లోపే. మన దగ్గర రెండు శాసనసభ నియోజకవర్గాల జనం కంటే తక్కువే. అంతమందికే ఒక పార్లమెంటు, ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్ష పదవి, సుప్రీంకోర్టు, క్రోనా అనే సొంత కరెన్సీ, దానికో కేంద్ర బ్యాంకు, విదేశాల్లో రాయబార కార్యాలయాలు ఉన్నాయి. సైన్యం మాత్రం లేదు. ఇంత తక్కువ మందితో ఇన్ని వ్యవస్థలు ఎలా నిలబడుతున్నాయి? ఆ నేల తీరుకూ ఆ పాలన తీరుకూ ఏమైనా సంబంధం ఉందా? చదివినవారు, చూసినవారు, అక్కడే ఉంటున్నవారు వివరంగా రాయవలసిందిగా మనవి. ఫొటోలు వద్దు.

రాతిపొర:

తుంగభద్ర గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది నా వృత్తికి దగ్గరిది. అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే పర్వతశ్రేణి నీటిపైకి ఇంత విశాలంగా తేలి కనిపించే చోటు ఐస్‌లాండ్ ఒక్కటే. భూమి పైపొరలోని రెండు భారీ పలకలు, ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున అక్కడ దూరం జరుగుతున్నాయి. దానికి తోడు భూగర్భం లోతుల నుంచి అదనపు వేడి ఆ ప్రాంతం కిందికే ఎగదన్నుతోంది. ఈ రెండూ కలిసినందువల్లనే ఆ ద్వీపం పుట్టింది, ఇంకా పుడుతూనే ఉంది. 1963లో దక్షిణ తీరానికి దూరంగా సముద్రంలోంచి సుర్త్సీ అనే కొత్త దీవి లేచింది. దానిపై మనుషులు కాలుపెట్టకుండా కట్టడి చేసి, ఖాళీ నేల మీదికి జీవం ఎలా చేరుతుందో శాస్త్రవేత్తలు అప్పటి నుంచి గమనిస్తున్నారు.

జనం ఎక్కడ ఉంటారన్నది కూడా నేలే నిర్ణయించింది. దేశం నడిమధ్య అంతా లావా మైదానాలు, ఇసుక ఎడారులు, హిమానీనదాలే కాబట్టి అక్కడ స్థిరనివాసం లేదు. మంచు కప్పిన భాగం మొత్తం నేలలో దాదాపు పదో వంతు, అందులో వాత్నయోకుల్ అనే హిమానీనదం ఒక్కటే 7,000 చదరపు కిలోమీటర్లకు మించి ఉంటుంది. అందువల్ల జనమంతా తీరం వెంబడే ఉంటారు, అందులోనూ మూడింట రెండు వంతుల మంది రాజధాని రేక్యవిక్‌లోనో దాని చుట్టుపక్కల పట్టణాల్లోనో ఉంటారు. ఆర్కిటిక్ వృత్తానికి అంత దగ్గరగా ఉన్నా, వెచ్చని సముద్ర ప్రవాహం చలవ వల్ల రేక్యవిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. అయితే జూలై సగటు కూడా 12 డిగ్రీలు దాటదు. వరి, గోధుమల మాట అటుంచండి, అక్కడ గొర్రెలకు గడ్డి ఎండబెట్టుకోవడమే ప్రధాన వ్యవసాయం.

ఇక విపత్తులు. 1783 జూన్‌లో లాకి ప్రాంతంలో నేల సుమారు 25 కిలోమీటర్ల పొడవున చీలి ఎనిమిది నెలల పాటు లావా కక్కింది. లావా కంటే విషవాయువులే ఎక్కువ చంపాయి. ఫ్లోరిన్ పేరుకున్న గడ్డి మేసి గొర్రెల్లో అత్యధిక భాగం చచ్చిపోయాయి, ఆ తర్వాత వచ్చిన కరువులో జనాభాలో ఇంచుమించు ఐదో వంతు తుడిచిపెట్టుకుపోయింది. అప్పుడు వారిని పాలించినది సముద్రానికి అవతల ఉన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్. దీనితో 1973 జనవరి 23 రాత్రిని పోల్చి చూడండి. హెయిమాయ్ దీవిలో ఊరి అంచునే నేల బద్దలైంది. ముందురోజు తుఫాను వల్ల పడవలన్నీ రేవులోనే ఉండటంతో, తెల్లవారేసరికి 5,000 మందికి పైగా జనాన్ని ప్రధాన ద్వీపానికి చేర్చగలిగారు. తర్వాత నెలల తరబడి సముద్రపు నీటిని లావా మీద చిమ్మి గడ్డకట్టించి రేవును కాపాడుకున్నారు. దాదాపు 400 ఇళ్ళు పోయాయి, ఊరు మాత్రం మిగిలింది. ఆ అనుభవం తర్వాత 1975లో ప్రకృతి విపత్తుల బీమా సంస్థను ప్రభుత్వమే స్థాపించింది. అగ్నిప్రమాద బీమా ఉన్న ప్రతి భవనానికీ విపత్తు బీమా తప్పనిసరి. ఇష్టమైనవారు కట్టుకోవచ్చునని వదిలేసి ఉంటే, ప్రమాదం ఉన్న ఊళ్ళవారికి ఏ సంస్థా బీమా ఇచ్చేది కాదు.

గోదారిగట్టు:

రాతిపొర గారు గ్రిందావిక్ సంగతి ప్రస్తావిస్తారని ఎదురుచూశాను. ఇటీవలి ఉదాహరణ అదే కదా?

రాతిపొర:

అవును, దానిని విడిగా చెప్పాలని ఆగాను. రేక్యానెస్ ద్వీపకల్పంలో దాదాపు 800 ఏళ్ళ విరామం తర్వాత 2021లో విస్ఫోటాలు మళ్ళీ మొదలయ్యాయి. 2023 నవంబర్ 10 రాత్రి, గ్రిందావిక్ పట్టణం కిందికి శిలాద్రవం చొచ్చుకువస్తోందని తేలడంతో 3,700 మందికి అటూ ఇటూగా ఉన్న ఊరంతటినీ ఖాళీ చేయించారు. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. సమీపంలోని స్వార్త్సెంగి విద్యుత్కేంద్రం చుట్టూ మట్టికట్టలు కట్టడానికి అధికారమూ, ఆ ఖర్చు కోసం దేశంలోని ఆస్తులన్నిటిపైనా స్వల్పమైన పన్నూ అందులో ఉన్నాయి. 2024 జనవరి 14న లావా ఊరి అంచులోని ఇళ్ళను కాల్చింది. ఫిబ్రవరిలో వేడినీటి ప్రధాన గొట్టాన్ని తెంచివేయడంతో ద్వీపకల్పంలో 20 వేల మందికి పైగా గడ్డకట్టే చలిలో ఇల్లు వెచ్చబెట్టుకునే దారి లేక ఇబ్బంది పడ్డారు. చివరకు ప్రభుత్వం ఒక సంస్థను ఏర్పాటు చేసి, కోరినవారి ఇళ్ళను కొనుగోలు చేసింది. మన దగ్గర ముంపు గ్రామాల పునరావాసాన్ని చూసినవారికి ఆ వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే వారు తరలించవలసినది ఒక్క పట్టణాన్నే అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తాళపత్రం:

చరిత్ర వైపు నుంచి కొంత చేర్చుతాను. 870ల నుంచి నార్వే తీరవాసులు, వారితో పాటు బ్రిటిష్ దీవుల నుంచి వచ్చినవారూ, తీసుకురాబడిన బానిసలూ ఆ ద్వీపంలో స్థిరపడ్డారు. 930లో థింగ్‌వెల్లిర్ అనే లోయలో ఆల్తింగి అనే సర్వసభ మొదలైంది. రాతిపొర గారు చెప్పిన ఫలకాల చీలిక పైకి కనిపించే లోయ కూడా అదే. ప్రతి వేసవిలో రెండు వారాల పాటు అక్కడ చట్టాలు చేసేవారు, తగవులు తీర్చేవారు. రాజు లేడు. చట్టం ఇంకా రాతలోకి రాని రోజుల్లో, ధర్మవక్తగా ఎన్నికైన వ్యక్తి మూడేళ్ళ పదవీకాలంలో ఏడాదికి మూడో వంతు చొప్పున చట్టమంతటినీ బండ మీద నిలబడి సభకు కంఠతా వినిపించేవాడు.

దీనిని స్వర్ణయుగంగా వర్ణించేవారు ఒక ముఖ్యమైన లోపాన్ని దాటవేస్తారు. చట్టం చేసే సభ ఉంది, తీర్పు చెప్పే న్యాయస్థానాలు ఉన్నాయి, తీర్పును అమలుచేసే యంత్రాంగం మాత్రం లేదు. గెలిచిన కక్షిదారు తన బలంతో, తన బంధువుల బలంతో దానిని అమలు చేసుకోవలసిందే. బలం కొన్ని కుటుంబాల చేతుల్లో పోగుపడేకొద్దీ ఆ ఏర్పాటు కూలిపోయి, 13వ శతాబ్దంలో దశాబ్దాల అంతర్యుద్ధంగా మారింది. అలసిపోయిన ఐస్‌లాండ్ పెద్దలు 1262–64లో నార్వే రాజుకు విధేయత ప్రకటించారు. తర్వాత నార్వేతో పాటు ఆ ద్వీపం కూడా డెన్మార్క్ రాజుల కిందికి వెళ్ళింది.

అయితే ఆ సభ నేర్పును చూపిన సందర్భమూ ఒకటి ఉంది. 1000వ సంవత్సరం ప్రాంతంలో పాత దేవతలను కొలిచేవారూ, క్రైస్తవం స్వీకరించినవారూ రెండు శిబిరాలుగా చీలి, రెండు చట్టాలు ప్రకటించుకునే దాకా వచ్చింది. నిర్ణయాన్ని ధర్మవక్త థోర్గేర్‌కు అప్పగించారు, ఆయన పాత మతస్థుడే. ఒక పగలు, ఒక రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుని ఆలోచించి, దేశమంతా క్రైస్తవం స్వీకరించాలని, ఇళ్ళలో చాటుగా పాత పూజలు చేసుకునేవారిని మాత్రం శిక్షించరాదని తీర్పు చెప్పాడు. రెండు పక్షాలూ అంగీకరించాయి.

గోదారిగట్టు:

మరైతే ప్రపంచంలోకెల్లా పురాతనమైన పార్లమెంటు అన్న కీర్తి సరైనదేనా?

తాళపత్రం:

షరతులతో సరైనదే. 1262 తర్వాత ఆ సభ అధికారం క్రమంగా తగ్గి చివరకు న్యాయస్థానంగా మాత్రమే మిగిలింది, 1800లో దానినీ రద్దుచేశారు. 1845లో రేక్యవిక్‌లో సలహామండలిగా పునరుద్ధరించారు. 1874లో శాసనాధికారం, 1904లో స్వపరిపాలన, 1918 డిసెంబర్ 1న డెన్మార్క్ రాజు కిందనే సార్వభౌమత్వం లభించాయి. 1940లో డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించగా, ఆ మరుసటి నెలలోనే బ్రిటన్ ఐస్‌లాండ్‌లో సేనలను దించింది. రాజు వేరే దేశంలో శత్రువు చేతిలో, దేశం మిత్రపక్షాల చేతిలో ఉండగా 1944లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, నూటికి 97 మందికి పైగా సమ్మతితో గణతంత్రం ప్రకటించుకున్నారు. అందుకు ఎంచుకున్న స్థలం థింగ్‌వెల్లిర్, రోజు జూన్ 17, అంటే 19వ శతాబ్దపు స్వాతంత్ర్య నాయకుడు యోన్ సిగుర్ద్‌సన్ పుట్టినరోజు. ఒక్క తుపాకీ పేల్చకుండా పూర్తయిన స్వాతంత్ర్యోద్యమం అది. వారి ప్రధాన ఆయుధాలు పాత ఒప్పంద పత్రాలు, వాటిపై వాదనలు.

న్యాయదృష్టి:

నేటి రాజ్యాంగ వ్యవస్థ గురించి నేను రాస్తాను. ఆల్తింగిలో 63 మంది సభ్యులు ఉంటారు, 1991 నుంచి అది ఏకసభ. ఆరు నియోజకవర్గాల నుంచి 54 మంది దామాషా పద్ధతిలో ఎన్నికవుతారు. పార్టీలకు దేశవ్యాప్తంగా వచ్చిన ఓట్లకూ సీట్లకూ మధ్య తేడాను సరిదిద్దడానికి మిగిలిన 9 స్థానాలను వాడతారు. ఇందువల్ల ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాదు, దాదాపు ప్రతి ప్రభుత్వమూ పొత్తు ప్రభుత్వమే. 2024 నవంబర్ 30న జరిగిన ఎన్నికల్లో సామాజిక ప్రజాస్వామ్య కూటమి 15 స్థానాలతో ముందు నిలిచి, మరో రెండు పార్టీలతో కలిసి డిసెంబర్‌లో ప్రభుత్వం ఏర్పరచింది. క్రిస్త్రూన్ ఫ్రోస్తాదొత్తిర్ ప్రధాని అయ్యారు.

మన దేశంలో నియోజకవర్గాల పునర్విభజనపై వాదన సాగుతున్న ఈ రోజుల్లో ఒక విషయం గమనించదగినది. ఐస్‌లాండ్‌లో వాయవ్య ప్రాంతపు పల్లెల్లోని ఓటరు ఓటుకు, రాజధాని పక్కనున్న నైరుతి నియోజకవర్గపు ఓటరు ఓటుతో పోలిస్తే దాదాపు రెట్టింపు విలువ ఉంది. జనం రాజధానికి తరలిపోయినా సీట్లు పల్లెల వెంటే ఉండిపోయాయి. ఆ తేడా రెండు రెట్లకు మించినప్పుడు ఒక సీటును అటు నుంచి ఇటు మార్చాలన్నది వారి నియమం, అంతకు లోపు ఉంటే మార్పు లేదు.

అధ్యక్ష పదవి మరో విశేషం. నాలుగేళ్ళకోసారి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, రెండో విడత పోలింగ్ ఉండదు. అందువల్ల మూడో వంతు ఓట్లతోనూ గెలవవచ్చు. 1980లో విగ్దీస్ ఫిన్‌బొగాదొత్తిర్, 2024లో హల్లా తోమాస్‌దొత్తిర్ ఇంచుమించు అంతే ఓట్లతో గెలిచారు. అధికారాలు చాలావరకు లాంఛనమే, ఒక్క 26వ అధికరణం తప్ప. పార్లమెంటు ఆమోదించిన బిల్లుపై అధ్యక్షుడు సంతకానికి నిరాకరిస్తే, ఆ బిల్లు చట్టంగా అమల్లోకి వస్తుంది గాని, దానిని ఉంచాలా వద్దా అన్నది ప్రజలు ఓటు వేసి తేల్చాలి. మన రాష్ట్రపతి బిల్లును వెనక్కి పంపగలరు, ఉభయసభలు మళ్ళీ ఆమోదిస్తే సంతకం చేయక తప్పదు. జనం దగ్గరికి పంపే దారి ఆయనకు లేదు. ఐస్‌లాండ్‌లోనూ ఆ అధికరణం 60 ఏళ్ళు నిద్రపోయింది. 2004లో అధ్యక్షుడు ఓలాఫుర్ రాగ్నర్ గ్రిమ్సన్ తొలిసారి దానిని వాడినప్పుడు ప్రభుత్వం బిల్లునే ఉపసంహరించుకుంది. 2010, 2011ల్లో వాడినప్పుడు అసలు కథ నడిచింది, దానిని ఆర్థిక విషయాలు తెలిసినవారు చెబితే బాగుంటుంది.

ఉత్తరగాలి:

నేను రేక్యవిక్‌లో ఉంటున్నాను. మహిళల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. 1975 అక్టోబర్ 24న దేశంలోని మహిళల్లో సుమారు 90 శాతం మంది ఆఫీసు పని, ఇంటిపని రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. బడులు, బ్యాంకులు, చేపల ఫ్యాక్టరీలు నిలిచిపోయాయి. ఐదేళ్ళకు విగ్దీస్ గారు గెలిచారు. జాతీయ ఎన్నికల్లో ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైన తొలి మహిళ ప్రపంచంలో ఆమే. 1983లో మహిళలే ఒక పార్టీగా పోటీచేసి పార్లమెంటులో ప్రవేశించారు, దాంతో మిగిలిన పార్టీలు తమ జాబితాలను సవరించుకోక తప్పలేదు. నేడు అధ్యక్షురాలు, ప్రధాని, జాతీయ చర్చి బిషప్ ముగ్గురూ మహిళలే. అయినా 2023 అక్టోబర్ 24న మహిళలు మళ్ళీ రోజంతా సమ్మె చేశారు, అప్పటి ప్రధాని కత్రీన్ యాకబ్స్‌దొత్తిర్ కూడా పనికి వెళ్ళలేదు. వేతనాల తేడా, ఇంటి హింస ఇంకా మిగిలే ఉన్నాయన్నది వారి వాదన.

రోజువారీ జీవితం గురించి అడిగితే, ఇక్కడ ప్రధానిని కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. మన "గారు" వంటిదేదీ లేకుండా మాట్లాడటం నాకు ఇప్పటికీ నాలుక తిరగని పని. ప్రతి బిడ్డా బడిలో ఈత నేర్చుకోవలసిందే. సముద్రంలో పడవలు మునిగి మనుషులు పోయిన దేశం కాబట్టి అది సరదా కోసం పెట్టిన పాఠం కాదు. ప్రతి ఊళ్ళోనూ మునిసిపాలిటీ వారి వేడినీటి కొలను ఉంటుంది, మన ఊళ్ళ రచ్చబండ దగ్గర జరిగే చర్చ ఇక్కడ మెడలోతు నీళ్ళలో జరుగుతుంది.

అయితే "ఒకే జాతి, ఒకే భాష" అన్న పాత చిత్రం ఇక చెల్లదు. జనాభాలో దాదాపు ఐదో వంతు మంది వలస వచ్చినవారే, వారిలో అన్నిటికంటే పెద్ద సమూహం పోలండ్ వారిది. హోటళ్ళు, భవన నిర్మాణం, చేపల శుద్ధి వీరి మీదే నడుస్తున్నాయి. మూడేళ్ళు నివాసం ఉన్న విదేశీయులకు పురపాలక ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది, పార్లమెంటుకు లేదు. ఏటా 20 లక్షలకు పైగా పర్యాటకులు వస్తుండటంతో ఎన్నో ఇళ్ళు వారి బసలుగా మారి అద్దెలు పెరిగాయి. ఐస్‌లాండ్ భూలోక స్వర్గమని రాసేవారు ఇక్కడ ఒక చిన్న అపార్ట్‌మెంట్ కోసం వెతికి చూడాలి.

లెక్కలపద్దు:

న్యాయదృష్టి గారు వదిలిన కథను అందుకుంటాను. 2000 తర్వాత ప్రైవేటు చేతుల్లో ఉన్న మూడు బ్యాంకులు, గ్లిత్నిర్, కౌప్‌థింగ్, లాండ్స్‌బాంకి, విదేశాల్లో అప్పులు తెచ్చి ఎదిగి, దేశ స్థూలోత్పత్తికి దాదాపు పదిరెట్ల ఆస్తులు చూపించే స్థితికి వచ్చాయి. 2008 అక్టోబర్‌లో మూడూ ఒకే వారంలో కుప్పకూలాయి. వాటిని ఆదుకోవడానికి కేంద్ర బ్యాంకు దగ్గర ఉన్నది క్రోనాలు, అప్పులు ఉన్నది యూరోలలో, పౌండ్లలో. లాండ్స్‌బాంకి ఐస్‌సేవ్ పేరుతో బ్రిటన్, నెదర్లాండ్స్ పౌరుల నుంచి ఇంటర్నెట్ డిపాజిట్లు సేకరించింది. బ్రిటన్ ఉగ్రవాద వ్యతిరేక చట్టాన్ని ప్రయోగించి ఆ బ్యాంకు ఆస్తులను స్తంభింపజేసింది. సైన్యమే లేని నాటో మిత్రదేశంపై ఆ చట్టాన్ని వాడటం ఐస్‌లాండ్ వారు నేటికీ మరచిపోని అవమానం.

ఆ డిపాజిట్ల సొమ్మును ఐస్‌లాండ్ పన్నుదారులు తీర్చాలన్న ఒప్పందాన్ని పార్లమెంటు ఆమోదించగా, అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. 2010 మార్చిలో ప్రజలు దానిని 90 శాతానికి పైగా ఓట్లతో తిరస్కరించారు. మెరుగైన షరతులతో వచ్చిన మరో ఒప్పందాన్ని కూడా 2011లో తిరస్కరించారు. 2013లో ఎఫ్టా (ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం) న్యాయస్థానం ఐస్‌లాండ్ పక్షానే తీర్పు చెప్పింది. బ్యాంకుల అధినేతలు పలువురు జైలుకు వెళ్ళారు. విదేశీ మారకంపై 2008లో పెట్టిన ఆంక్షలను చాలావరకు తొలగించడానికి 2017 దాకా పట్టింది.

తుంగభద్ర:

ఇది చదివితే చిన్న దేశం కావడం మేలే అనిపిస్తోంది. తప్పు చేసినవారు దాక్కోవడానికి చోటుండదు, జనం గిన్నెలు మోగిస్తూ పార్లమెంటు ముందు నిలబడితే 2009లో ప్రభుత్వమే దిగిపోయింది కదా?

న్యాయదృష్టి:

సగమే అంగీకరిస్తాను. బ్యాంకుల పతనంపై విచారణకు ప్రత్యేక ప్రాసిక్యూటర్ పదవికి ప్రకటన ఇస్తే మొదట ఎవరూ దరఖాస్తు చేయలేదు. చివరకు ఒక చిన్న పట్టణపు పోలీసు అధికారి ముందుకు వచ్చారు. రాజధానిలోని న్యాయవాదులందరికీ ఏదో ఒక వైపు చుట్టరికమో, స్నేహమో, కక్షిదారులో ఉండటం దీనికి కారణమని చెబుతారు. మాజీ ప్రధాని గేర్ హార్దెను 2012లో ప్రత్యేక న్యాయస్థానం విచారించింది. మంత్రివర్గాన్ని సమావేశపరచవలసినంతగా సమావేశపరచలేదన్న ఒక్క అభియోగమే నిలిచింది, శిక్ష ఏమీ పడలేదు.

తర్వాతి ఉదాహరణలు ఇంకా సూటిగా ఉన్నాయి. 2016లో, రహస్య విదేశీ కంపెనీల గుట్టు బయటపెట్టిన పనామా పత్రాల్లో ప్రధాని కుటుంబానికి విదేశీ కంపెనీ ఉన్నట్టు బయటపడి, ఆయన రాజీనామా చేశారు. 2017లో నేరస్థుడొకరికి "ప్రతిష్ఠ పునరుద్ధరణ" (శిక్ష ముగిసినవారికి పౌరహక్కులు తిరిగి ఇచ్చే ఏర్పాటు) కోరుతూ ప్రధాని తండ్రి సంతకం చేసిన లేఖ వెలుగులోకి వచ్చి ప్రభుత్వం కూలింది. అదే ఏడాది కొత్త అప్పీలు కోర్టుకు న్యాయమూర్తులను నియమించేటప్పుడు నిపుణుల సంఘం ఎంపిక చేసిన 15 మందిలో నలుగురిని మంత్రి పక్కనబెట్టి వేరే నలుగురిని నియమించారు. ఆ నలుగురిలో ఒకరు సొంత పార్టీ ఎంపీ భార్య. 2020లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం విస్తృత ధర్మాసనం ఐస్‌లాండ్‌ను తప్పుపట్టింది. జనం తక్కువైన చోట తప్పు త్వరగా బయటపడుతుందన్నది నిజమే, అయితే విచారించవలసినవాడు కూడా ఆ ఇంటి పెళ్ళికి వెళ్ళివచ్చినవాడే అయి ఉంటాడు. పనామా పత్రాల విషయంలో, న్యాయమూర్తుల నియామకం విషయంలో కాపాడినవి బయటి నుంచి వచ్చిన పత్రికల పరిశోధన, బయటి న్యాయస్థానం.

ఉత్తరగాలి:

న్యాయదృష్టి గారి మాట కఠినంగా ఉన్నా తోసిపుచ్చలేను. అయితే పతనంపై విచారణ సంఘం 2010లో ఇచ్చిన 2,000 పేజీలకు పైబడిన నివేదికను రేక్యవిక్ నగర నాటకశాలలో నటులు రాత్రింబవళ్ళు వంతులవారీగా మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. విచారణ నివేదిక బీరువాలోకి చేరకుండా వేదిక ఎక్కిన దేశం మరొకటి ఉంటే చెప్పండి.

తీరవాసి:

కాకినాడ నుంచి రాస్తున్నాను. బ్యాంకులు, న్యాయమూర్తుల కంటే ముందు చేపను అర్థం చేసుకుంటే గాని ఆ దేశ రాజకీయం బోధపడదు. వారి సంపద కాడ్ చేపతో మొదలైంది. ఆ చేప కోసం బ్రిటన్‌తో మూడుసార్లు తలపడ్డారు. 1958లో తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, 1972లో 50, 1975లో 200 మైళ్ళ దాకా చేపల వేట హక్కు తమదేనని ప్రకటించారు. బ్రిటన్ యుద్ధనౌకలను పంపింది. ఐస్‌లాండ్ తీరరక్షక నౌకలు విదేశీ ట్రాలర్ల వెనుకకు వెళ్ళి వలల ఉక్కుతాళ్ళను తెంచే కొక్కేలను ప్రయోగించాయి. 1976లో దౌత్య సంబంధాలు కూడా తెంచుకున్నారు. కెఫ్లావిక్‌లోని అమెరికా సైనిక స్థావరం ప్రచ్ఛన్నయుద్ధంలో ఎంత కీలకమో తెలిసినవారు గనుక, నాటోను వదిలిపోతామన్న హెచ్చరికతోనే పని జరిపించుకున్నారు. సైన్యం లేని దేశం నౌకాదళం ఉన్న దేశాన్ని వెనక్కి తగ్గించింది. నేడు మన మత్స్యకారులకు కూడా వర్తించే 200 మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలం అన్న భావన ప్రపంచ నియమం కావడంలో లాటిన్ అమెరికా దేశాల తర్వాత వీరి పట్టుదలకూ పాత్ర ఉంది.

విదేశీయులను తరిమిన తర్వాత అసలు తగవు ఇంట్లో మొదలైంది. చేపల నిల్వలు తగ్గిపోతుండటంతో 1984లో ఒక్కో పడవకు కోటా కేటాయించారు. అంతకు ముందు మూడేళ్ళలో ఎవరు ఎంత పట్టారో వారికి ఆ వాటా ఉచితంగా దక్కింది. 1990 చట్టంతో ఆ వాటాలను అమ్ముకునే, కౌలుకిచ్చే వీలు కలిగింది. నిల్వలు కోలుకున్నాయి, పరిశ్రమ లాభాల బాట పట్టింది, ఇది కాదనలేని ఫలితం. కాని వాయవ్య ఫ్యోర్డుల్లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయల తీరాల్లో) పడవ యజమాని కోటా అమ్ముకుని వెళ్ళిపోతే, ఊళ్ళోని శుద్ధి ఫ్యాక్టరీ మూతపడి, ఊరు ఊరంతా ఉపాధి కోల్పోయింది. వల లాగిన కూలీకి, చేప కోసిన స్త్రీకి ఆ వాటాలో పైసా హక్కు లేదు. అదే చట్టం మొదటి అధికరణం మాత్రం చేపల నిల్వలు జాతి ఉమ్మడి ఆస్తి అని చెబుతుంది. 2007లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘం కూడా ఈ పద్ధతి వివక్షతో కూడినదని అభిప్రాయపడింది. 2009 నుంచి వేసవిలో చిన్న పడవలకు కోటా లేకుండా కొంత అవకాశం ఇస్తున్నారు. 2025 వేసవిలో పెద్ద కంపెనీలపై చేపల రుసుము పెంచే బిల్లును ప్రతిపక్షం వారాల తరబడి ప్రసంగాలతో అడ్డుకుంటే, సభాపతి దశాబ్దాలుగా వాడని నిబంధనతో చర్చను ముగించి ఓటింగ్ జరిపించారు.

రాతిపొర:

తీరవాసి గారు చేప గురించి చెప్పినదానికి సమాంతరంగా వేడి గురించి చెప్పాలి. 1930లో రేక్యవిక్‌లో వేడినీటి బావుల నుంచి గొట్టం వేసి ఒక బడికి, ఆసుపత్రికి, ఈతకొలనుకు, కొన్ని పదుల ఇళ్ళకు వెచ్చదనం అందించారు. 1970ల చమురు సంక్షోభం వచ్చేసరికి దేశంలో సగం ఇళ్ళు ఇంకా చమురుతోనే వెచ్చబడుతున్నాయి. అప్పుడు ప్రభుత్వం తవ్వకాలకు అప్పులిచ్చి, బావిలో వేడినీరు పడకపోతే ఆ అప్పును మాఫీ చేసే పద్ధతి పెట్టింది. నష్టభయం రాజ్యం మోసింది కాబట్టే చిన్న మునిసిపాలిటీలు కూడా ధైర్యం చేశాయి. నేడు సుమారు 90 శాతం ఇళ్ళు భూగర్భ ఉష్ణంతోనే వెచ్చబడుతున్నాయి. విద్యుత్తు దాదాపు పూర్తిగా జలశక్తి, భూగర్భ ఉష్ణం నుంచే వస్తుంది. కాని ఆ విద్యుత్తులో అధిక భాగం వాడేది ఇళ్ళు కాదు, విదేశీ అల్యూమినియం కర్మాగారాలు. తూర్పున ఒక కర్మాగారం కోసమే కారాహ్న్యూకార్ ఆనకట్ట కట్టి నిర్జన లోయను ముంచినప్పుడు దేశం రెండుగా చీలి వాదించుకుంది.

మన వైపు చూస్తే, గోదావరి లోయలో మణుగూరు దగ్గర పగిడేరులో బోరుబావి నుంచి తనంతట తానే పొంగే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్కేంద్రం పెట్టింది. లదాఖ్‌లోని పూగా లోయలో ఓఎన్‌జీసీ తలపెట్టిన పనిలో ఐస్‌లాండ్ నిపుణుల సంస్థ భాగస్వామి. మన దగ్గర వేడి తక్కువ, లోతు ఎక్కువ కాబట్టి పెద్ద ఆశలు వద్దు. తొలి బావి నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు వారు చెప్పిన జవాబు మాత్రం పరిశీలించదగినది.

గోదారిగట్టు:

చేపా, వేడీ జాతి ఆస్తి అన్న మాట రాజ్యాంగంలోనే రాసుకోవచ్చు కదా? 2008 తర్వాత సామాన్యులే కొత్త రాజ్యాంగం రాశారని విన్నాను, దానిలో ఆ మాట లేదా? ఐరోపా సమాఖ్యలో చేరకపోవడానికి కూడా చేపే కారణమా?

తీరవాసి:

రెండో ప్రశ్నకు నా జవాబు: చాలావరకు అవును. వారు ఎఫ్టాలో ఉన్నారు, 1994 నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతంలో, తర్వాత సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలో ఉన్నారు. సమాఖ్యలో పూర్తిగా చేరితే చేపల వేటపై నిర్ణయాధికారం సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్‌కు వెళ్తుందన్నదే పెద్ద భయం. 2009లో దరఖాస్తు చేశారు, 2013లో చర్చలు ఆపేశారు. చర్చలు తిరిగి మొదలుపెట్టాలా వద్దా అని 2027 ముగిసేలోగా ప్రజలనే అడుగుతామన్నది 2024 డిసెంబర్‌లో ఏర్పడిన ప్రభుత్వ ఒప్పందంలోని హామీ. ఎఫ్టా ద్వారానే మనతో వాణిజ్య ఒప్పందం కూడా 2025 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది.

న్యాయదృష్టి:

మొదటి ప్రశ్నకు: ఆ మాట ఉంది. 2010లో రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. సాంకేతిక లోపాల పేరుతో సుప్రీంకోర్టు వాటిని కొట్టివేస్తే, పార్లమెంటు దాదాపు అదే 25 మందిని మండలిగా నియమించింది. వారు 2011లో ముసాయిదాలను ఇంటర్నెట్‌లో పెట్టి, ప్రజల వ్యాఖ్యలు స్వీకరిస్తూ నాలుగు నెలల్లో రాశారు. ప్రైవేటు యాజమాన్యంలో లేని సహజ వనరులు జాతి శాశ్వత ఉమ్మడి ఆస్తి అని, పూర్తి ధర చెల్లించనిదే వాటి వినియోగం ఎవరికీ ఇవ్వరాదని అందులో ఉంది. ఓట్ల విలువ అందరికీ సమానంగా ఉండాలని కూడా ఉంది. 2012 అక్టోబర్ 20న జరిగిన సలహాపూర్వక పోలింగ్‌లో సగానికి కొంచెం తక్కువ మంది పాల్గొన్నారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ముసాయిదాను ఆమోదించారు, వనరుల అధికరణానికి 80 శాతానికి పైగా మద్దతు వచ్చింది.

అయినా అది రాజ్యాంగం కాలేదు. సవరణను ఒక పార్లమెంటు ఆమోదించాక ఎన్నికలు జరగాలి, కొత్త పార్లమెంటు మార్పు లేకుండా మళ్ళీ ఆమోదించాలి. 2013 ఎన్నికల ముందు బిల్లు తుది ఓటింగ్‌కే రాలేదు. ఆ ఎన్నికల్లో గెలిచిన రెండు పార్టీలకూ పల్లె నియోజకవర్గాల్లో, చేపల పరిశ్రమలో గట్టి పునాది ఉంది. వనరుల అధికరణం నెగ్గితే కోటా యజమానులకు నష్టం, సమాన ఓటు అధికరణం నెగ్గితే వారికి అండగా ఉన్న సీట్లకు నష్టం. ఆ తర్వాత వచ్చిన పొత్తు ప్రభుత్వాలు అధికరణాల వారీగా సవరణలు ప్రతిపాదించినా, వనరుల దగ్గరికి వచ్చేసరికి "శాశ్వత" హక్కు కాకపోతే ఎంతకాలపు హక్కు, "పూర్తి ధర" కాకపోతే ఎంత ధర అన్న చోటే ప్రతిసారీ ఆగిపోయాయి. 1944 నాటి రాజ్యాంగమే నేటికీ అమల్లో ఉంది.